ఎవరూ నాటని మొక్క

ఎవరూ నాటని మొక్క దొడ్డిలో తొలకరి తర్వాత రెండాకులతో మొదలవుతుంది. వినాయక చవితి నాటికి మోకాలెత్తు, సంక్రాంతికి నడుమెత్తు అవుతుంది. ఇంట్లో ఒకరు ‘కరివేపాకు జాతేమో’ అంటారు, ఇంకొకరు ‘పిచ్చిమొక్క’ అని తేల్చేస్తారు. పీకేస్తే మంచి మొక్క పోతుందేమోనన్న అనుమానం ఒకవైపు, ఉంచితే ముళ్లకంప అవుతుందేమోనన్న భయం ఇంకోవైపు. ఈ లోపల ఏడాది గడిచిపోతుంది. రెండో వానాకాలం వచ్చేసరికి చేత్తో ఊడొచ్చే మొక్కకు గడ్డపార కావలసి వస్తుంది. కష్టం తెచ్చిపెట్టేది ఈ వాయిదాయే. పేరు తెలుసుకోవడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పట్టవచ్చు. అన్నాళ్లూ మొక్కను చిన్నదిగా ఆపి ఉంచగలిగితే, ఉంచాలన్నా తీయాలన్నా ఆ తర్వాతి పని తేలిక.

కర్నూలు జిల్లా పడమట, ఎమ్మిగనూరు పక్కనున్న నందవరం మండలంలో ఈ సమస్య ఏటా వానలతోపాటే వస్తుంది. ఉత్తరాన తుంగభద్ర, చుట్టూ నల్లరేగడి చేలు, పత్తి, గొర్రెల మందలు. మూడు సెంట్ల స్థలంలో ఇల్లు పోగా వెనక మిగిలేది పది పన్నెండు అడుగుల దొడ్డి. అందులోనే నీళ్ల తొట్టి, బట్టల తీగ, ఒక మల్లె, ఒక కరివేపాకు. ఇంత చిన్న చోట తెలియని పొద ఒక్కటి నాలుగడుగులు ఆక్రమిస్తే మిగతావాటికి ఎండా నీరూ రెండూ తగ్గుతాయి. పెద్ద తోటలో పొరపాటు కనబడకుండా పోతుంది. చిన్న దొడ్డిలో అలా పోదు.

మొలిచిన చోటే సగం జవాబు

విత్తనం దానంతట అది నడిచి రాదు. ఎవరు తెచ్చారో ఊహించగలిగితే పేరు వెతకాల్సిన జాబితా పదో వంతుకు తగ్గుతుంది.

గోడ వారన, కరెంటు తీగ కింద, పెద్ద కొమ్మ నీడన మొలిచిందంటే తెచ్చినది పక్షి. కాకి, గోరింక, కోయిల వంటివి పండు తిని గింజను రెట్టలో వదులుతాయి. వేప, రేగు, కరివేపాకు, రావి, మర్రి, పులికంప ఇలా వస్తాయి. పులికంపనే తలంబ్రాల మొక్క అనీ, లంటానా అనీ అంటారు. గోడ పగులులోనో మేడ మీద పిట్టగోడ మూలలోనో మొలిస్తే అది చాలావరకు రావి గానీ మర్రి గానీ అయి ఉంటుంది.

ఎరువు వేసిన మడిలో మొలిస్తే అనుమానం గొర్రెల మీదికి, మేకల మీదికి పోవాలి. సర్కారు తుమ్మ కాయలు తియ్యగా ఉంటాయి, మందలు ఇష్టంగా తింటాయి. గింజ మాత్రం అరగదు. పేడతో, పెంటికలతో బయటపడి మెత్తని తడి ఎరువులో హాయిగా మొలుస్తుంది. మాగని గొర్రెల ఎరువు వేసిన దొడ్డిలో ఆగస్టు నాటికి ముళ్ల మొలకలు బారులు తీరితే అందులో వింత ఏమీ లేదు.

బర్రెను కట్టేసే చోట, దాణా తొట్టి పక్కన మొలిచినదైతే? ఆదోని పత్తి మార్కెట్టు చుట్టూ ఉన్న ఈ ప్రాంతంలో పాడి పశువులకు పత్తి గింజలు పెట్టడం మామూలే. తొట్టి నుంచి జారిన గింజే అక్కడ మొక్క అయి ఉండవచ్చు. కుడితి పారబోసే చోట, చెత్తకుప్ప దగ్గర మొలిచేవి ఎక్కువగా వంటింటివి: బొప్పాయి, టమాటా, సీతాఫలం, చింత. మెట్ట స్థలం వైపు, గాలి తగిలే మూలలో వచ్చేది జిల్లేడు. దాని గింజకు దూదిపింజ ఉంటుంది. ఆముదం కాయ ఎండకు చిట్లి గింజలను దూరంగా విసిరేస్తుంది కాబట్టి పక్కింటి ఆముదం గోడ దాటి రావడం కష్టమేమీ కాదు.

తొలి పదిహేను రోజుల్లో

1. ముట్టుకునే ముందు చూడాలి. ముళ్లున్నాయా? కాండం మీద నూగు ఉందా? తుంచితే పాలు కారే రకమా? ఈ మూడూ తెలిసేదాకా చేతికి తొడుగు లేకుండా పని పెట్టుకోకూడదు. ఆకును ఏ పరిస్థితిలోనూ నాలుక మీద పెట్టకూడదు. ‘కొంచెం నమిలి చూస్తే తెలిసిపోతుంది’ అనే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. ఉమ్మెత్త, గన్నేరు, ఆముదం కూడా ఇళ్ల మధ్యే మొలుస్తాయని ఆ అలవాటున్నవారికి చెప్పాలి.

2. ఫోటోలు ఐదు తీయాలి: మొక్క మొత్తం, ఆకు పైభాగం, ఆకు అడుగుభాగం, ఆకు కాండానికి అంటుకున్న చోటు, పూవో కాయో ఉంటే అది. పక్కన ఒక రూపాయి బిళ్ల పెడితే కొలత తెలుస్తుంది. మొక్క మొత్తాన్ని దూరం నుంచి తీసిన ఒకే ఒక్క ఫోటోతో అనుభవజ్ఞులు కూడా పేరు చెప్పలేరు.

3. ఆకు ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టాలి. కొత్తవారు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. వేపాకు అని చేతిలోకి తీసుకునే ఆకు నిజానికి పత్రకం, అంటే ఒక పెద్ద ఆకులో చిన్న ముక్క. మొత్తం రెమ్మే ఒక ఆకు. గుర్తు ఏమిటంటే, అసలు ఆకు కాండానికి అంటుకున్న కణుపు దగ్గర చిన్న మొగ్గ ఉంటుంది, పత్రకం మొదట్లో ఆ మొగ్గ ఉండదు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే తుమ్మ, తంగేడు, వేప, కరివేపాకు వంటివన్నీ ఒకవైపు, జిల్లేడు, రేగు, పులికంప వంటివి ఇంకోవైపు విడిపోతాయి.

4. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటిగా ఉన్నాయా చూసి రాసుకోవాలి.

5. తొడుగు వేసుకున్న వేళ్ల మధ్య ఆకు నలిపి, ముఖానికి దూరంగా పట్టి వాసన చూడాలి. కరివేపాకు, పులికంప, కసివింద, వావిలి వాసనతోనే దొరికిపోతాయి.

6. చివరి కొమ్మలు తుంచి మొక్కను మోకాలెత్తులో ఆపాలి. ఒక్క కొమ్మను మాత్రం పూతకు వదలాలి. పూవు చూస్తే గాని కొన్ని మొక్కల పేరు తేలదు. కాయ మాత్రం పండనివ్వకూడదు.

7. గోడ మీద బొగ్గుతోనో క్యాలెండరులోనో తేదీ వేసుకోవాలి. పూత వచ్చిన రోజు లేదా దసరా, ఏది ముందైతే అదే గడువు.

ఏడో సూచన చిన్నదిగా కనిపిస్తుంది గాని మిగతా ఆరింటినీ నడిపించేది అదే. గడువు లేని పరిశీలన వాయిదాకే దారితీస్తుంది.

ముళ్లున్నదైతే

ఈ ప్రాంతంలో ఎక్కువ తికమక ముళ్ల మొక్కల దగ్గరే. ముల్లు కనబడగానే ‘కంప’ అని గొడ్డలి తేవడం సరికాదు. దొడ్డిలో మొలిచే ముళ్ల మొక్కల్లో కనీసం ఐదు రకాలుంటాయి, అన్నిటికీ ఒకే తీర్పు చెల్లదు.

సర్కారు తుమ్మకు ఆకు మొదలు దగ్గర ముళ్లు జంటగా ఉంటాయి. ఒక్కో ఈనె మీద పన్నెండు జతలకు పైగా సన్నని పత్రకాలు, పసుపు పచ్చని సన్నటి కంకుల్లాంటి పూలు, వంగిన లేత పసుపు కాయలు. ఇది ఇక్కడి చెట్టు కాదు. అమెరికా ఖండం దీని పుట్టిల్లు. వంటచెరకు కోసం మద్రాసు ప్రభుత్వ అటవీశాఖ 1870లలో విత్తనం తెప్పించి కడప ప్రాంతంలోని కమలాపురం వద్ద నాటించింది. దేశంలో దీని తొలి నాట్లలో అదొకటి. సర్కారు తెచ్చినందునే సర్కారు తుమ్మ అయింది. కరువు సీమలో పొయ్యిలోకి కట్టె, బొగ్గు బట్టీకి దుంగ, పొలానికి కంచె ఇచ్చిన మాట నిజమే. కానీ దొడ్డికి ఇది తగదు. దీని దగ్గరి చుట్టమైన మెస్కైట్ వేరు అమెరికాలోని అరిజోనాలో ఒక గని తవ్వకంలో 50 మీటర్లకు పైగా లోతున కనబడింది. మూడు సెంట్ల స్థలంలో అలాంటి వేరు పారే చెట్టును పెంచుకునే అవసరం ఎవరికీ లేదు.

జమ్మి సర్కారు తుమ్మకు దగ్గరి బంధువు, చూపుకు అలాగే ఉంటుంది. దసరాకు పూజలందుకునే చెట్టు పిల్లను కంప అనుకుని నరికేయడం జరుగుతూనే ఉంటుంది. తేడా ముల్లులో ఉంది. జమ్మి ముళ్లు చిన్నవి, మొదట్లో వెడల్పుగా, కొసన సన్నగా, కణుపుకూ కణుపుకూ మధ్య కాండం మీద అక్కడక్కడా చెదిరి ఉంటాయి. సర్కారు తుమ్మ ముళ్లు కణుపు దగ్గరే జంటగా ఉంటాయి. జమ్మి ఆకు కాస్త బూడిద రంగు, పత్రకాలు తక్కువ. అనుమానం ఉన్నంతకాలం కత్తెర ఆగాల్సిన మొక్క ఇది.

నల్లతుమ్మకు తెల్లని పొడవాటి తిన్నని ముళ్లు జంటగా వస్తాయి. పూలు పసుపు పచ్చని గుండ్రని బంతులు, కాయ పూసల దండలా గింజ గింజకూ నొక్కుకుని ఉంటుంది. సీమచింతకు ఒక్కో ఆకులో నాలుగే పత్రకాలు, రెండు జతలుగా. రేగును గుర్తించడం అన్నిటికంటే తేలిక: ఆకు అడుగు తెల్లగా నూగుతో, పైన మూడు ఈనెలు స్పష్టంగా, ముళ్ల జంటలో ఒకటి తిన్నగా, ఒకటి కొక్కెంలా ఉంటాయి. పులికంప ముళ్లు చిన్నవి, నాలుగు పలకల కాండం మీద ఉంటాయి. ఆకులు ఎదురెదురుగా, గరుకుగా, ఘాటు వాసనతో ఉంటాయి. పువ్వుల గుత్తి అందంగా ఉంటుందని ఉంచుకునేవారున్నారు. దాని ఆకు పశువులకు, గొర్రెలకు విషం. పాడి ఉన్న ఇంట అది ఉండకూడదు.

బెండలా, ఆముదంలా కనబడేవి

మాదిరికి ఒక దొడ్డి. బర్రె కొట్టం పక్కన మూడు నాలుగు మొనల ఆకులతో ఒక మొక్క పెరుగుతుంది. ఇంటివారు బెండ అనుకుని నీళ్లు పోస్తారు. లేత పసుపు పూవు పూసి, మరునాటికి గులాబీ రంగుకు తిరుగుతుంది. అప్పుడు తెలుస్తుంది, అది పత్తి అని. ఆకు మీద, చిన్న మొలకల రెండాకుల మీద కూడా సూదిమొన అంత నల్లని చుక్కలు ఉంటాయి. అవి పత్తికి గుర్తు, బెండకు ఉండవు. దొడ్డిలో ఒక పత్తి చెట్టుంటే నష్టమేమిటి? ఆ ఇంటికి లేదు, ఊరి చేలకు ఉంది. పంట కాలం అయిపోయాక కూడా పూస్తూ కాస్తూ నిలిచిన పత్తి మొక్క గులాబీ రంగు పురుగుకు తర్వాతి పంటదాకా నిలువ చోటు. పంట తీశాక మోళ్లు పీకి పొలం శుభ్రం చేయమని వ్యవసాయ శాఖ చెప్పేది అందుకే. దొడ్డిలోని ఒంటరి మొక్కకూ ఆ మాట వర్తిస్తుంది.

అదే కుటుంబంలోని తుత్తురుబెండ కూడా ఇళ్ల చుట్టూ వస్తుంది. హృదయాకారంలో మెత్తని నూగు ఆకులు, సాయంత్రం పూట విచ్చుకునే పసుపు పూలు, చక్రంలా పళ్లు పళ్లుగా ఉండే కాయ. ఆ కాయను బట్టే దువ్వెన బెండ అనే పేరు వచ్చింది. నాటు వైద్యంలో దీనికి చోటుంది. హాని లేదు, కానీ పిండినల్లి పట్టే మొక్క కాబట్టి వంగ, బెండ మడులకు దూరంగా ఉండటం మేలు.

అరచేతిలా చీలిన ఆకులున్న పొద రెండిట్లో ఒకటి అవుతుంది. ఏడెనిమిది మొనలు, బోలు కాండం, ముళ్ల కాయ ఉంటే ఆముదం. మూడు నుంచి ఐదు మొనలు, నున్నని కాయ ఉంటే నేపాళం, అడవి ఆముదం అని పిలిచేది. రెండిటి గింజలూ పిల్లలకు ప్రమాదమే. నేపాళం గింజ తియ్యగా ఉండటం వల్ల పిల్లలు ఒకటి తిని ఆగరు, తర్వాత వాంతులు మొదలవుతాయి. చిన్న పిల్లలున్న ఇంట ఈ రెండింటికీ ఆకులు చూడగానే నిర్ణయం జరిగిపోవాలి. ఎవరైనా తెలియని గింజ తిన్నారని తెలిస్తే 108కి ఫోన్ చేసి, ఆసుపత్రికి ఆ మొక్క రెమ్మ ఒకటి సంచిలో వేసుకుని వెళ్లాలి. వైద్యులకు అది చాలా ఉపయోగపడుతుంది.

పాలు కారేవి

జిల్లేడు ఆకులు దళసరిగా, మైనం పూసినట్టు, తొడిమ లేకుండా ఎదురెదురుగా ఉంటాయి. తెల్ల జిల్లేడును వినాయకుడి పేరుతో ఉంచుకునేవారికి ఒక జాగ్రత్త: దాని పాలు కంట్లో పడితే మొదట నొప్పి తెలియదు, కొన్ని గంటల్లో చూపు మసకబారుతుంది. నొప్పి లేదని ఊరుకోకుండా, వెంటనే చాలాసేపు నీళ్లతో కడిగి కంటి వైద్యుడికి చూపించాలి. పచ్చగన్నేరుకు సన్నని పొడవాటి ఆకులు, పసుపు గంటల్లాంటి పూలు. గుడి ఆవరణల్లో పెంచుతారు, కింద పిల్ల మొక్కలు విరివిగా లేస్తాయి. గింజలోని విషం నేరుగా గుండె మీద పనిచేస్తుంది. అందుకే అది చిన్న దొడ్డికి తగదు.

పసుపు రంగు పాలు, ఆకు నిండా ముళ్లు, పసుపు పూవు ఉంటే బ్రహ్మదండి. గింజలు ఆవాల్లా ఉంటాయి. ఏడాదిలో చచ్చిపోయే మొక్కే గాని గింజ రాలకముందే తీసేయాలి.

పసుపు పూల తంగేడు, దాని పోలికలు

తంగేడు మెట్ట ప్రాంతపు మొక్క, ఎండకు తట్టుకుంటుంది, నీళ్లు అడగదు, నాలుగైదు అడుగుల్లో ఆగుతుంది. ఇలాంటి పొద దొడ్డికి వచ్చిందంటే ఇంటికి మేలే జరిగింది. అయితే అదే పోలికలో కసివింద ఉంది. నాలుగైదు జతల మొనదేలిన పత్రకాలు, నలిపితే దుర్వాసన, ఆకు కాడ మొదట్లో చిన్న బొడిపె. పశ్చిమ ఉత్తరప్రదేశ్ జిల్లాల్లో చిన్నపిల్లల ప్రాణాలు తీస్తూ వచ్చిన అంతుచిక్కని జబ్బుకు కసివింద గింజలు తినడమే కారణమని వైద్యులు పరిశోధించి తేల్చారు. తగిరిసెకు మూడు జతలే, గుండ్రని పత్రకాలు, సన్నని పొడవాటి కాయ. తంగేడు పొద; కసివింద, తగిరిసె మాత్రం ఒక్క వానాకాలపు మొక్కలు. సంక్రాంతి దాటినా పచ్చగా నిలిచిందంటే తంగేడు కావడానికే అవకాశం ఎక్కువ.

వయ్యారిభామ పొద కాదు, అయినా తెలియని మొక్కల లెక్కలో ఎప్పుడూ కలుస్తుంది. క్యారెట్ ఆకుల్లాంటి ఆకులు, తెల్లని చిన్న పూలు. 1950ల మధ్యలో పుణె దగ్గర కనబడిన ఈ మొక్క దేశమంతా పాకింది. దాన్ని తినే మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగళూరు దగ్గర వదిలారు. చర్మానికి దద్దుర్లు తెస్తుంది కాబట్టి పూతకు ముందే తొడుగులతో పీకాలి.

ఎవరిని అడగాలి?

మొదట అడగాల్సింది గొర్రెల కాపరిని. మంద ఏ ఆకు తింటుందో, ఏది ముట్టదో, దేనికి కడుపు ఉబ్బుతుందో రోజూ చూసేవారు వారే. తర్వాత ఇంటి పెద్ద ఆడవారిని. అయితే పేరు ఒక్కటే చాలదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఈ ప్రాంతపు మాటలో కన్నడం కలిసి ఉంటుంది. సర్కారు తుమ్మనే కన్నడంలో బళ్లారి జాలి అంటారు. ఒక మొక్కకు మూడు పేర్లు, మూడు మొక్కలకు ఒకే పేరు ఇక్కడ సహజం. అందుకని పేరు చెప్పినవారిని ‘పూవు ఏ రంగు? కాయ ఎలా ఉంటుంది?’ అని తప్పక అడగాలి. చెప్పిన గుర్తులు దొడ్డిలోని మొక్కకు సరిపోతేనే ఆ పేరు నిలుస్తుంది.

ఫోన్‌లో గూగుల్ లెన్స్, ప్లాంట్‌నెట్ వంటివి ఉపయోగపడతాయి. పూవు ఫోటోకు అవి ఇచ్చే జవాబు నమ్మదగ్గది, లేత ఆకు ఫోటోకు ఇచ్చే జవాబు ఊహ మాత్రమే. ఒకే మొక్కకు మూడు వేర్వేరు ఫోటోలు పెట్టి మూడుసార్లూ ఒకే పేరు వస్తే దాన్ని వెతకడానికి ఆధారంగా తీసుకోవచ్చు. ఎమ్మిగనూరు మండలం బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. పూతతో ఉన్న రెమ్మను తడి కాగితంలో చుట్టి తీసుకెళ్తే అక్కడి శాస్త్రవేత్తలు చూడగలరు. ఊళ్లోని రైతు సేవా కేంద్రం సిబ్బందికి చూపించడం అంతకంటే దగ్గరి దారి. డిగ్రీ కళాశాలల్లో వృక్షశాస్త్రం చెప్పేవారికి ఇలాంటి ప్రశ్నతో వచ్చేవారంటే ఇష్టమే.

ఉంచాలా, తీయాలా?

పేరు తెలిశాక నాలుగు ప్రశ్నలు చాలు. పిల్లలకు, పశువులకు విషమా? పూర్తిగా పెరిగితే ఎంత ఎత్తు, ఎంత వెడల్పు? గోడకు, నీళ్ల తొట్టికి, మరుగుదొడ్డి గుంతకు ఎంత దూరంలో ఉంది? గింజలు రాల్చి మళ్లీ మళ్లీ మొలుస్తుందా?

మొదటి ప్రశ్నకు ‘అవును’ అని వస్తే మిగతా మూడూ అడగనక్కర్లేదు. మూడో ప్రశ్న దగ్గర మనసు మెత్తబడటం మామూలు. గోడకు రెండడుగుల దూరంలో మొలిచిన వేపను ఎవరు తీస్తారు? ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షం వేపే. ఎండాకాలం నీడ, ఉగాదికి పూవు, ఇంటికి మంచిదన్న నమ్మకం. కానీ ఇరవై ఏళ్ల వేప ఇరుకు దొడ్డిలో గోడను, పునాదిని నెడుతుంది. మార్గం ఒకటుంది: మోకాలెత్తు లోపు ఉండగానే, వానాకాలపు సాయంత్రం పూట, వేరు చుట్టూ మట్టిగడ్డతో తవ్వి గుడి దగ్గరికో కాలువ గట్టుకో బడి ఆవరణకో మార్చవచ్చు. తల్లివేరు నిలువుగా దిగే చెట్టు కాబట్టి ఆలస్యమైన కొద్దీ బతికే అవకాశం తగ్గుతుంది. రావి, మర్రి, జమ్మి మొక్కలను పీకడానికి చేతులు రానివారికీ ఇదే దారి. చెట్టుగా ఎదిగాక నరకాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన 2002 నాటి వాల్టా చట్టం కూడా అడ్డువస్తుంది. మొక్కగా ఉన్నప్పుడు ఆ చిక్కు లేదు.

తీసే పద్ధతి

నల్లరేగడి ఎండితే రాయి, తడిస్తే బంక. రెండిటి మధ్య, వాన వెలిసిన రెండు మూడు రోజులకు వచ్చే పదునే మొక్క తీయడానికి అదను. పదునులో పట్టి లాగితే మొక్క వేరుతో సహా వస్తుంది. ఎండిన నేలలో లాగితే వేరు తెగి, నేలలో మిగిలిన ముక్క మళ్లీ చిగురిస్తుంది. వాన లేకపోతే ముందురోజు సాయంత్రం నాలుగు బిందెల నీళ్లు పోసి మర్నాడు పొద్దున తవ్వాలి.

సర్కారు తుమ్మను నేలమట్టానికి నరికి వదిలేయడం అందరూ చేసే పొరపాటు. ఒక కాండం పోయి ఆరు లేస్తాయి. దాని చిగురు మొగ్గలు నేల కింద, వేరు మెడ దగ్గర నిద్రపోతూ ఉంటాయి. జానెడు నుంచి అడుగు లోతుదాకా తవ్వి, ఆ మెడ భాగం కిందుగా వేరును నరికి పైదంతా తీసేస్తే లోపల మిగిలిన వేరు తిరిగి లేవదు. ఒక మొక్కకు అరగంట శ్రమ, కానీ ఏటా నరికే పని ఉండదు.

గోడ పగులులోని రావికి వేరే పద్ధతి. నాలుగాకుల దశలో పగులును తడిపి నెమ్మదిగా లాగితే వేరు మొత్తం వస్తుంది. ముదిరితే చిగురు వేసినప్పుడల్లా ఆకు విచ్చకముందే తుంచాలి. వేరు ఎండిపోయాక పగులు శుభ్రం చేసి సిమెంటుతో పూడ్చాలి. వేరు బతికుండగా పూడిస్తే గోడే చీలుతుంది.

కిరసనాయిలు, ఉప్పు పోయమని సలహా ఇచ్చేవారుంటారు. వినకూడదు. ఉప్పు మొక్క కంటే ముందు నేలను చెడగొడుతుంది. పదడుగుల దొడ్డికి కలుపు మందు కూడా అక్కర్లేదు, పక్కనే కూర ఆకులు కోసుకునే చోటు అది. తీసిన కొమ్మలను పేరు తెలియకుండా మేకలకు వేయకూడదు, పొయ్యిలో పెట్టకూడదు. గన్నేరు వంటివాటి పొగ కూడా మంచిది కాదు.

ఉంచుకుంటే

తంగేడు, గోరింట, కరివేపాకు, వావిలి, సీతాఫలం చిన్న దొడ్డిలో ఇమిడేవి. వీటిని మూలకో కంచె వారకో వదిలి, చుట్టూ అడుగున్నర పాదు చేయాలి. తంగేడును పూత అయ్యాక, కాయ ముదరకముందు మూడో వంతు కత్తిరిస్తే గుబురుగా నిలుస్తుంది. పక్షి తెచ్చిన కరివేపాకు మొదటి రెండేళ్లు నత్తనడక నడుస్తుంది. ఆ రెండేళ్లూ ఆకు కోయకుండా ఉంటే తర్వాత ఇంటికి సరిపడా ఇస్తుంది. రేగును ఉంచుకునేవారు ఏటా ఎండాకాలంలో గట్టిగా నరికి తొలకరికి కొత్త కొమ్మలు రానివ్వాలి. కొత్త కొమ్మకే కాయ.

వచ్చే ఏడాది కోసం

గొర్రెల ఎరువును తెచ్చిన వెంటనే మడిలో వేయకుండా కుప్ప పోసి, తడిపి, మట్టి కప్పి, నడుమ ఒకటి రెండుసార్లు తిరగేస్తూ నాలుగైదు నెలలు మాగనివ్వాలి. కుప్ప వేడికి చాలా గింజలు చస్తాయి. మిగిలినవి కుప్ప మీదే మొలుస్తాయి, అక్కడే తీసేయవచ్చు. ఖాళీ నేల మీద ఎండుటాకులు, వేరుశనగ పొట్టు నాలుగు వేళ్ల మందం పరిస్తే గాలికి వచ్చిన గింజకు నేల అందదు. తొలకరి తర్వాత మూడో వారంలో ఒక పొద్దున దొడ్డంతా వంగి చూడటం అలవాటు చేసుకోవాలి. సర్కారు తుమ్మ తీసిన చోట గింజలు నేలలో కొన్నేళ్లు బతికి ఉంటాయి కాబట్టి, అక్కడ కనీసం మూడు వానాకాలాలు ఈ తనిఖీ జరగాలి. రెండాకుల దశలో కనబడిన మొలకను రెండు వేళ్లతో తీసేయవచ్చు.